ముగ్గురు పోసిన నీళ్ళు

హిందూపురం బస్టాండు పక్క టీ కొట్టులో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ మాడు వాసన తగలగానే నాగభూషణం సార్ గుర్తొచ్చారు. ఆహార తనిఖీ ఉద్యోగంలో నా మొదటి పై అధికారి ఆయన. కర్ణాటక సరిహద్దులోని రొళ్ల వైపు మనిషి కావడంతో ‘చూడమ్మా’ అనాల్సిన చోట కన్నడం కలిసి ‘నోడమ్మా’ అనేవారు. నేను చేరి అప్పటికి రెండు నెలలు. చేతిలో పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు ఉంటే చాలు, లోకంలోని దొంగలందర్నీ పట్టేస్తాననుకునేదాన్ని.

ఒక ఉదయం పెనుకొండలో బాలికల హాస్టల్‌కు వచ్చిన పాలు పరీక్షించాం. అవి రెండావుల మీద బతికే లక్ష్మక్క పోసే పాలు. లాక్టోమీటరు బాగా లోపలికి మునిగింది. అంటే నీళ్ళు కలిశాయన్నమాట. రేపటి నుంచి వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటానని వార్డెన్ అక్కడికక్కడే చెప్పేసింది. నేను హుషారుగా కేసు కాగితాలు తీశాను.

"నీళ్ళు పోసినావా అక్కా?" అన్నారు సార్.

"పోసినా సార్, రవ్వంత," అంది లక్ష్మక్క, దాచకుండా. "ఒట్టి పాలు ఇల్లు దాటిస్తే ఆవు పొదుగు పగుల్తాది కదా!"

నాకు ఒళ్ళు మండింది. "దొరికిపోయాక అందరూ ఏదో ఒకటి చెప్తారు సార్," అన్నాను.

"నోడమ్మా, రవ్వంతకు ఇంత మునగదు. మిగతా నీళ్ళు యాడివో తెలీకుండా ఏం రాస్తావు?"

ఆ పాలు మాత్రం పిల్లల దాకా పోనివ్వలేదు. లక్ష్మక్క కళ్ళు తుడుచుకుంటూ అన్నీ పారబోసింది. నాకూ బాధేసింది, కానీ బెట్టు చేసి పైకి కనబడనివ్వలేదు.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాం. రోజూలాగే పని చేసుకోమన్నారు సార్. లక్ష్మక్క ఒక ఆవు పాలు పితికి, క్యానులో పోసి, దోసెడు నీళ్ళు కలిపి దూడను కట్టేయడానికి వెళ్ళింది. వాళ్ళత్త వచ్చి, ఏదో గొణుక్కుంటూ చెంబెడు పోసి లోపలికి పోయింది. తర్వాత భర్త క్యానును బండికి కట్టబోతూ, పశువుల తొట్టిలోంచి ఇంకో చెంబు ముంచి పోశాడు.

సార్ ముగ్గుర్నీ పిలిచి, ఎవరెవరు నీళ్ళు పోశారో చెప్పమన్నారు.

"అత్తా, నువ్వూ పోస్తాండావా?" లక్ష్మక్క నోరు తెరిచింది.

"కాపురానికొచ్చినప్పట్నుంచీ పోస్తాండా. నువ్వూ పోస్తావని నాకేం తెలుసు?"

"మీరు మర్చిపోతారేమోనని నేను..." అని భర్త నసిగాడు.

సార్ పగలబడి నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను. నవ్వయ్యాక ఆయన గొంతు మారింది. "ఆ తొట్టి నీళ్ళతో ఒక పిల్లకు వాంతులు, బేదులు పట్టుకుంటే ఎవురు జవాబు చెప్తారు? క్యానులో ఒక్క చుక్క పడేందుకు లేదు. పోయాలంటే ఆవు కాళ్ళ మీద పోయండి."

"అట్ల పోస్తే చెల్లుతాదా?" అంది అత్త అనుమానంగా.

"ఇంటికి పెద్దదానివి. నువ్వు చెల్లుతాదంటే చెల్లుతాది అవ్వా."

ముసలామె లేచి వెళ్ళి ఆవు గిట్టల మీద చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళ పాలు పారబోసి, కడిగిన క్యానులో పోసిన రెండో ఆవు పాలలో లాక్టోమీటరు నిలవాల్సిన చోటే నిలిచింది. సార్ ఆ క్యాను వెంట హాస్టల్‌కు వచ్చి, వారం రోజులు రోజూ పరీక్షించి చూడమని వార్డెన్‌ను ఒప్పించారు. వారం గడిచాక ఆవిడే లక్ష్మక్కను ఇక మానొద్దంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

సార్ రిటైరయ్యారు. ఆయన చేసిన పని ఇప్పుడు నేను చేస్తున్నాను, ధర్మవరం దాకా తిరుగుతాను. కల్తీ పాలు పారబోయించడానికి ఈరోజుకీ వెనకాడను. కేసు రాసే ముందు మాత్రం వాళ్ళింటికి వెళ్ళి కాసేపు కూర్చుంటాను. మోసం చేసేవాళ్ళు నాకు కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, పక్కనే నిలబడతారు. లక్ష్మక్క లాంటివాళ్ళు నేనున్న సంగతే మరిచిపోయి చెంబు అందుకుంటారు.