శామ్యూల్ ప్రార్థన, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను

నిన్న పొద్దున కింది ఇంటి నుంచి ఎవరో కుర్రాడి ఫోన్. "తాతా, శామ్యూల్ తాత పోయిండు."

నేను నమ్మలేదు.

ఎందుకంటే కిందటి ఏప్రిల్ ఫస్ట్‌న శామ్యూలే గొంతు మార్చి ఫోన్‌లో ఇదే మాట చెప్పాడు. చొక్కా తిరగేసి తొడుక్కుని ఏడుస్తూ మెట్లు దిగితే, గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

అందుకే నిన్న తీరిగ్గా గుండీలు పెట్టుకుని, నాలుగు తిట్లు రెడీ చేసుకుని దిగాను.

గుమ్మంలో చాయ్ లేదు.

చెప్పులున్నాయి. చాలా చెప్పులు.

శామ్యూల్‌ది మెదక్. మాది తెనాలి వైపు. నాంపల్లిలో ఒకే ఇంట్లో కింద వాడు, పైన నేను. చర్చి క్వాయర్‌లో అందరికన్నా లావు గొంతు వాడిదే. వాడు బీకామ్. నేను ఏడో క్లాసులోనే బడికి దండం పెట్టినవాణ్ణి. ఇద్దరిలో తెలివెవరికి ఎక్కువో ఇది చదివి మీరే చెప్పండి.

నాలుగైదేళ్ల కిందట వాడికి చేతులు వణకడం మొదలైంది. పిల్లలు స్కూటర్ తాళం లాక్కున్నారు. వాడి భార్య రత్నమ్మకి అప్పుడే మోకాళ్లు మొరాయించాయి. సినిమా హాలు మెట్లు ఇక నా వల్ల కాదంది.

ఆమెకి సినిమా కావాలి. వీడికి బండి తోలడం కావాలి.

శామ్యూల్ ప్లాన్ వేశాడు. ఇంట్లో ఒక్కటే కంప్యూటర్. టీవీకి తగిలిస్తే ఆమెకి హోమ్ థియేటర్. స్టీరింగ్ తగిలిస్తే వీడికి కార్ల రేస్ గేమ్.

రత్నమ్మ ఒకే ఒక్క కండిషన్ పెట్టింది. "సాయంత్రం ప్రార్థన టైమ్‌ల గా డబ్బా చప్పుడు చేసిందా, గా దినమే బయట పెడ్త."

ఇద్దరం ఆబిడ్స్‌లో కంప్యూటర్ షాపుకి పోయాం.

బొమ్మని టీవీకి పంపేది గ్రాఫిక్స్ కార్డట. షాపతను రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకదానికి ఫ్యాన్ లేదు. సినిమా బాగా వస్తుంది, గేమ్‌లో కారు మాత్రం నత్త. రెండోదానికి గిన్నెంత ఫ్యాన్. దాంతో కారు గాల్లో తేలుతుంది.

"సినిమాకా సార్, గేమ్‌కా? జర జల్ది చెప్పున్రి."

"ఇంట్ల శాంతికి" అన్నాడు శామ్యూల్.

నేను రెండూ చేతుల్లో పెట్టుకుని తూచాను. "ఫ్యాన్‌ది బరువుందిరా, అదే తీసుకో."

"ఏంరో రావూ, తర్బూజ పండు అనుకున్నవా?"

నన్ను ఎగతాళి చేసి, వాడు చేసిన టెస్ట్ ఏంటో చూడండి. ఆ బరువు కార్డే కంప్యూటర్‌లో పెట్టించి, గేమ్ ఆన్ చేయించి, కౌంటర్ ముందు కళ్లు మూసుకుని ఫ్యామిలీ ప్రార్థన మొదలుపెట్టాడు.

మెదక్‌లో ఉన్న చిన్నక్క షుగర్ దగ్గర్నుంచి ఖైరతాబాద్‌లో ఉన్న బామ్మర్ది ప్రమోషన్ దాకా.

మౌస్ కొనడానికి వచ్చినాయన తల వంచాడు. షాపతను చేతులు కట్టుకున్నాడు. చివర్న అందరూ ఆమెన్.

శామ్యూల్ కళ్లు తెరిచి, "ఫ్యాన్ చప్పుడు ఇనొచ్చిందా?" అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. ప్యాక్ చేయించాడు.

బయట ఆ హారన్లలో ఏనుగు ఘీంకరించినా వినబడదని ఇద్దరు ముసలోళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

ఆ సాయంత్రం రేసు మధ్యలో ప్రార్థన టైమ్ అయింది. ఆఫ్ చేస్తే రేసు మళ్లీ మొదట్నుంచి. అందుకని పాజ్‌లో పెట్టి వచ్చి కూర్చున్నాడు. నేనూ ఉన్నాను, ఆ పూట నా భోజనం అక్కడే.

హాలంతా నిశ్శబ్దం. మూలన కంప్యూటర్ డబ్బాలోంచి బుర్ర్‌ర్‌ర్.

రత్నమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏందయ్యా, హెలికాప్టర్ దిగుతున్నదా?"

శామ్యూల్ కళ్లు తెరవలేదు. "దేవదూతల రెక్కలు, రత్నం."

"గట్లనా? ఆమెన్ అయినంక గా దేవదూతను దుకాణంల ఇచ్చిరా."

వాడి మొహం చూడాలి. స్కూటర్ తాళం పోయిన రోజు కూడా అంత పాలిపోలేదు. లేచి వైర్లు పీకబోయాడు.

నేనే అడ్డం పడ్డాను. "అమ్మా, ఎలాగూ పంపేస్తున్నాం కదా, ఒక్క సినిమా చూసి పంపేద్దాం."

రత్నమ్మ కాళ్లు స్టూల్ మీద పెట్టుకుని కూర్చుంది. హీరోయిన్ కమ్మలు ఎంత క్లియర్‌గా ఉన్నాయో అంది. చీర అంచు చూడమంది. ఇంటర్వెల్ లేదు కాబట్టి మాకు అన్నమూ లేదు. నేను ఆకలితో పైకి పోయి పడుకున్నాను.

మర్నాడు దుకాణం మాట ఎవరూ ఎత్తలేదు. "నువ్వే జర గట్టిగ ప్రార్థన చెయ్యి" అంది రత్నమ్మ, అంతే.

చేశాడు. రోజూ. ఆ ఫ్యాన్‌ని మించి, క్వాయర్ గొంతుతో.

దేవుడితో పాటు మా గల్లీ అంతా వినేది. "ప్రభువా, మీద ఉన్న రావుగాని కట్టుడు పళ్లు తినంగ ఊడకుండ చూడు."

జామకాయల బండివాడు నన్ను చూడగానే గట్టి కాయలు పక్కకి జరిపి, మెత్తటివి ముందుకు తోసేవాడు. ఇదీ నా ఫ్రెండ్ నాకు చేసిన మేలు.

నిన్న సాయంత్రం శ్మశానంలో మట్టి ఇచ్చి వచ్చాక అదే హాల్లో ప్రార్థనకి కూర్చున్నాం. పాస్టర్‌గారు మెల్లగా మొదలుపెట్టారు. ఆ నిశ్శబ్దంలో అందరి ముక్కులూ వినబడుతున్నాయి.

రత్నమ్మ ఒక కన్ను తెరిచింది.

"అన్నా, జర గా డబ్బా ఆన్ చెయ్యి."

లేచి చేశాను.

బుర్ర్‌ర్‌ర్.

అప్పుడు ఆమే మొదలుపెట్టింది. గట్టిగా. మెదక్ వదిన షుగర్, తమ్ముడి ప్రమోషన్. వాడి వరసలోనే, ఒక్కరినీ వదలకుండా.

నా పళ్లు కూడా.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి పై పళ్ల సెట్టు ఊడింది. చేత్తో పట్టుకునే ఆమెన్ అన్నాను.

పోయి రారా శామ్యూలూ. అక్కడ తాళం ఎవరూ లాక్కోరు, తీరిగ్గా తోలుకో.

ప్రభువు నీకు శాంతినివ్వాలి. రెక్కల చప్పుడు ఎక్కువైతే మాత్రం నువ్వు ఇంకా గట్టిగా పాడు. నాంపల్లి దాకా వినబడాలి.