లచ్చి బరువు

కోస్గి పశువుల దవాఖాన కాంపౌండర్ మొయినుద్దీన్, వైద్యానికి తెచ్చిన ఏ గాడిదనైనా ముందు చెవి వెనుక గోకేవాడు. అది కళ్లు అరమూశాకే దర్జీ టేపును మెడలోంచి తీసి, ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టూ తిప్పేవాడు. ఆపైన ఎత్తు కొలిచి, పెదవులు కదుపుతూ లెక్కగట్టి బరువు తేల్చేవాడు. ఆ బరువును బట్టే మందు. కానీ జీవాల బరువు పైకి చెబితే దిష్టి తగులుతుందని ఊళ్లలో భయం. అందుకని, "గింతేనా? తొంబై కిలోలు గూడ లేదు!" అని నలుగురూ వినేలా ఎగతాళి చేసి, మందు మాత్రం అసలు లెక్కకే పోసేవాడు.

ఒకసారి బట్టలుతికే సుభద్రమ్మ గాడిద లచ్చికి కడుపులో పురుగులు పడ్డాయి. మొదటిపూట మందు మొయినుద్దీనే పట్టించి, మందు పోసే గొట్టం ఆమె చేతికిచ్చి, రేపటినుంచి రోజూ దాని మీది కిలోల గీత చూసి పట్టమన్నాడు. నాలుగు రోజులకు లచ్చి మేత మానేసి నేలకు ఒరిగింది. సుభద్రమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది.

"ఏ గీతకు పట్టినవ్ అక్కా?"

"తొంబైకి. నువ్వే గద భాయ్ అన్నవు!"

మొయినుద్దీన్ తల పట్టుకున్నాడు. "అయ్యో, అది దిష్టికి చెప్పిన మాట! మందుకు గాదు."

"మరి అసలుది చెప్పు."

ఆయన నోరు తెరవగానే ఆమె అరచేత్తో మూసింది. "ఆగు, ఉర్దుల చెప్పు. దిష్టికి ఉర్దు రాదు."

"ఏక్ సౌ చాలీస్," అన్నాడు మెల్లగా.

ఆ పూట నుంచి సుభద్రమ్మ నూట నలభై గీతకు మందు పట్టింది. వారానికి లచ్చి లేచి తవుడు గంప నాకేసింది. ఆ సాయంత్రం సుభద్రమ్మ ఉప్పు, మిరపకాయలు తెచ్చి, గాడిదనూ కాంపౌండర్‌నూ పక్కపక్కనే నిలబెట్టి ఇద్దరికీ కలిపి దిష్టి తీసింది.