గుడివాడ మ్యాట్నీకి చేరని రీళ్ల పెట్టె

మీరు చూడని సినిమాను ఎన్నిసార్లు తిట్టారు? నిజం చెప్పండి. నేను ఒక్కసారే తిట్టాను, మైకు ముందు, గంటసేపు. దానితో నా పరువూ పెళ్లీ రెండూ మునిగేంత పనైంది.

తొంభైల్లో బందరు హేతువాద సంఘంలో నేను నిప్పుకణికను. రుజువు లేకపోతే మా అమ్మ పప్పులో ఉప్పేశానన్నా నమ్మేవాణ్ని కాదు. ఆ రోజుల్లో వేశ్యావాటికలో ప్రేమ, సుఖం గురించి తీసిన సినిమా ఒకటి మా ఊరొచ్చింది. దాన్ని ఖండిస్తూ సభ పెట్టాం. ప్రధాన వక్తను నేనే. హాలుకు వెళ్తే ఎవరైనా చూస్తారని భయం. అందుకని బస్టాండు గోడ మీది పోస్టరును రెండు రోజులు క్షుణ్ణంగా అధ్యయనం చేశాను. అందులో హీరోయిన్ నూతి పక్కన నిలబడి ఉంది.

సభలో ముందు వరసలో విమల కూర్చుంది. మా సంఘంలోనే పనిచేసే పంతులమ్మ. రిజిస్టరు పెళ్లి చేసుకుందామని నేను అడిగితే, సభయ్యాక జవాబు చెబుతానంది. ఇక నా కాళ్లు ఒకచోట నిలుస్తాయా? కుక్కరు మీద వెయిటులా ఎగిరెగిరి మాట్లాడి, ఆ అభాగిని చివరికి నూతిలో దూకుతుందనీ, భోగానికి ఫలితం అదేననీ ముగించాను. చప్పట్లు.

వెనక వరసలో సాంబయ్య లేచాడు. సినిమా రీళ్ల పెట్టె మోసే మనిషి.

"ఆవిడ దూకదండి. నీళ్లు తోడుకుంటుందంతే. తమరు ఎక్కడ చూశారండీ?"

"గుడివాడలో. శుక్రవారం మ్యాట్నీ."

రెండు ఊళ్లకూ ఉన్నది ఒకటే పెట్టె. బందరులో ఉదయం ఆట అయ్యాక అది బస్సెక్కి గుడివాడ మ్యాట్నీకి అందాలి. ఈ సంగతి నాకేం తెలుసు?

"శుక్రవారం బస్సు పెడనలో ఆగిపోయిందండి. నాలుగింటిదాకా పెట్టె మీద కూర్చుంది నేనే. మ్యాట్నీ పడలేదు."

"అయితే ఫస్ట్ షో అయ్యుంటుంది."

"దానికి గేట్లో టిక్కెట్లు చింపిందీ నేనేనండి. తమరు రాలేదు."

సభంతా నవ్వింది. విమల నవ్వలేదు. బయటికొచ్చాక ఒక్క మాటే అంది: "చూడని ఆడదాని గురించి గంట మాట్లాడారు. రేపు నా గురించీ అంతేనా? ముందు చూసి రండి."

మర్నాడు హాలుకు పరిగెత్తితే అక్కడ భక్తి సినిమా బోర్డు. పెట్టె అవనిగడ్డ వెళ్లిపోయిందన్నారు. అవనిగడ్డ బస్సెక్కి, తలకు తువ్వాలు చుట్టుకుని అక్కడి హాలు గేటు దగ్గర నిలబడ్డాను. పెట్టెతో పాటే వచ్చిన సాంబయ్య నా టిక్కెట్టు చింపుతూ నెమ్మదిగా అన్నాడు: "ఆ గుడ్డ తీసెయ్యండి గురువుగారూ, వెనకాళ్లకి తెర కనపడదు."

తెర మీద ఆమె అదే నూతి దగ్గర నీళ్లు తోడుకుని తలంటుకుంది. ప్రియుడి కోసం జడ వేసుకుంటూ, "నేను సుఖపడితే మీకేం పోయింది?" అని ఊరిని అడిగింది. నా గంట ఉపన్యాసంలో దానికి జవాబు లేదు.

తిరిగొచ్చి విమలతో చూశానన్నాను. "రుజువు?" అంటూ చెయ్యి చాచింది. సగం టిక్కెట్టు ఇచ్చాను. అది ఇప్పటికీ మా పెళ్లి సర్టిఫికెట్టుకు గుండుసూదితో గుచ్చి ఉంది.

చూడనిదాన్ని ఇక జన్మలో ఖండించనని ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. దేవుడి సాక్షిగా అనలేను కదా, సాంబయ్య సాక్షిగా. ఇక మీ వంతు. ఈ వారం మీరు తిట్టిన సినిమాకు ఈ రోజే టిక్కెట్టు కొనండి. తువ్వాలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.