నాలుగు కోట్ల ఏడు లక్షల పద్దెనిమిది వేల రెండు వందల అరవై ఎనిమిది

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ తొమ్మిదక్క అంటారు. కార్మికుల మెడలో వేలాడే ఉక్కు బిళ్లలమీద నంబర్లు కొట్టడం ఆమె పని. అంకె అచ్చును నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. బిళ్లకు ఎనిమిది దెబ్బలు. ఆఫీసు ఇచ్చే ప్రతి నంబరూ తొమ్మిదితో శేషం లేకుండా తెగుతుంది. కొట్టాక ఆమె అంకెలన్నీ కూడుతుంది. ఆ మొత్తం తొమ్మిదితో తెగితే బిళ్ల సరిగ్గా వచ్చినట్టే.

"అక్కా, మా ఆవిడ ఫోన్ నంబరు కూడా ఓసారి కూడి చూడు," అనేవాడు పక్క బల్ల ఫిట్టరు.

"అది తెగేది కాదులే తమ్ముడూ, నువ్వే సర్దుకుపో."

బాయిలర్ పేలిన రోజు ఆరుగురు పోయారు. ముఖాలు మిగల్లేదు, బిళ్లలు మిగిలాయి. ఐదు నంబర్లు జాబితాలో దొరికాయి. ఆరోది 4,07,12,868. ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు కనుక 'బయటి మనిషి' అని రాసి పక్కన పెట్టారు. ఆ షిఫ్టుకు వెళ్లిన ఆమె భర్త ఇంటికి రాలేదు. ఆయన నంబరు 4,07,18,268. ఆయన ఆ రోజు డ్యూటీలోనే లేడని ఆఫీసు తేల్చేసింది.

మూడో రోజు మరిది రెండు నంబర్లూ చీటీమీద రాసుకొచ్చాడు.

"వదినా, ఇవి దగ్గరదగ్గరగా లేవూ?"

ఆమె ఏడవలేదు. పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేసింది. ఐదువేల నాలుగువందలు.

"ఎనిమిదిలో రెండు పోతే ఆరు. ఆరు తొమ్మిదులు యాభైనాలుగు, వెనక రెండు సున్నాలు. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఇలాగే వస్తుంది. ఎనిమిదీ రెండూ చోటు మారాయి. ఎలా కూడినా ముప్పైఆరే. అందుకే నాకు దొరకలేదు."

"నీకు దొరకడమేంటి?"

"ఆ బిళ్ల కొట్టింది నేనే."

అది కొట్టిన రోజున చేసిన రెండు వందల బిళ్లల్లో అదొకటి. గేటు దగ్గర మెడలో బిళ్ల ఉందా లేదా అని చూస్తారు, అంకెలు చదివేవాళ్లెవరు?

ఆఫీసు గుమాస్తా చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లెక్క బాగానే ఉందమ్మా. తప్పు నీదేనని రాసిస్తే ఆయన్ని మా మనిషిగా ఎక్కిస్తాం. కానీ రాశాక నీ ఉద్యోగం ఉండదు, చూసుకో మరి."

"వద్దు వదినా, ఇల్లెలా గడుస్తుంది?"

"కాగితం ఇవ్వండి," అంది.

బాయిలర్ ఆవిరి మూత బిగుసుకుపోయిందని రెండుసార్లు చెప్పినా పట్టించుకోనివాళ్లు ఏ కాగితమూ రాయలేదు. రోజుకు రెండు వందలు కొట్టి తీరాలన్నవాళ్లూ రాయలేదు. ఆరుగురు పోయిన చోట తప్పు ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

గుమాస్తా 'బయటి మనిషి'ని కొట్టేసి ఆయన నంబరు రాశాడు. శవాన్ని వెనక గేటు నుంచి తీసుకెళ్లమన్నాడు.

"ముందు గేటు తియ్యించండి," అందామె, గొంతు పెంచకుండానే. "డ్యూటీకి దాన్లోంచే వచ్చాడు."

గుమాస్తా మరిది వైపు చూశాడు. మరిది తల తిప్పుకున్నాడు. గేటు వాచ్‌మన్ తాళంచెవి కోసం జేబు తడుముకున్నాడు.