మామగారి కంట్లో మందు

మా మరిది ఎసెన్‌కుల్‌కి తెలియని విద్య లేదు. ఉందని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోడు. పెన్షన్ వచ్చేదాకా పశువుల డాక్టరు దగ్గర సహాయకుడిగా చేశాడు. ఈ లోయలో తన చేత కంట్లో మందు వేయించుకోని గొర్రె లేదంటాడు. గొర్రెలేవీ కాదనలేదు కాబట్టి మేమూ నమ్మాం. ఆ ఉద్యోగంలోనే కుడికన్ను ఒక పొట్టేలు కొమ్ముకి సమర్పించుకున్నాడు. ఆ సంగతి ఎత్తితే మాత్రం టీ చల్లారిపోయిందంటాడు.

మిగిలిన ఎడమకంటికి శుక్లం వచ్చింది. పట్నంలో ఆపరేషన్ చేయించారు. ఇక చూడాలి ఆయన చూపు! ఎదురు కొండ మీద మేస్తున్న గుర్రాల్లో ఏది కుంటుతోందో వాకిట్లో కూర్చునే చెప్పేస్తాడు. చేతిలో ఉన్న మందు సీసా మాత్రం ఆయనకి తెల్లటి మసక. దగ్గరి చూపుకి కళ్లద్దాలు కావాలనీ, అవి కన్ను మానాక ఇస్తామనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పటిదాకా పూట తప్పకుండా చుక్కలు పడాలి, పడకపోతే వాచిపోయి ఈ కన్నూ పోతుందని మరీ మరీ చెప్పి పంపింది.

ఎవరు వేయాలి? కొడుకు గొర్రెల మందతో వేసవి మేతకి కొండెక్కాడు, చలి మొదలైతే గాని దిగడు. భార్య బూబూష్ సూదిలో దారం ఎక్కించడం మానేసి ఏళ్లయింది. నా చేతుల సంగతి చెప్పక్కర్లేదు, గిన్నెలో టీ పోస్తే సగం కిందే. చురుకైన కళ్లూ, వణకని చేతులూ ఉన్నది ఒక్క కోడలు జిబెక్‌కే. కానీ మా ఆచారంలో కోడలు మామగారి మొహంలోకి చూడకూడదు, దగ్గర్నుంచి తన మొహం ఆయనకి చూపించకూడదు కదా! కాపురానికొచ్చి ఏడేళ్లయినా ఆ పిల్ల తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుని, గుమ్మం పక్కన కూర్చునే అందరికీ టీ పోసి అందిస్తుంది. అలాంటిది మీదికి వంగి, రెప్ప లాగి, కంట్లోకి చూడటమా? అంతకంటే గుడ్డితనమే మర్యాదగా తోచింది మా మరిదికి.

"నా కంట్లో నేనే వేసుకుంటా. లక్ష గొర్రెలకి వేసిన చెయ్యి ఇది," అన్నాడు.

వేసుకున్నాడు. టోపీ తీస్తే పరువు పోతుందేమో, తెల్ల ఉన్ని టోపీతోనే వెల్లకిలా పడుకున్నాడు. ఒక చుక్క కనుబొమ్మకి ముట్టింది, ఒకటి మీసానికి, ఒకటి చెవిలోకి. ఇంకో పూట మూత తియ్యకుండానే నొక్కి నొక్కి, పట్నంవాళ్లు ఖాళీ సీసా అంటగట్టారని తిట్టిపోశాడు.

"ఏం మరిదిగారూ, మీసానికి చూపొచ్చిందా?" అన్నాను.

"నవ్వు వదినా, నవ్వు. ఇంత దూరం నుంచి కూడా నీ పళ్లు లెక్కపెట్టగలను. ఎక్కువసేపు పట్టదు."

నాలుగైదు రోజులకి కన్ను ఎర్రబడింది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ కసిరింది. "అసలు మందు లోపలికి వెళ్తోందా? రెండు రోజులు సరిగ్గా వేసి చూడండి. తగ్గకపోతే వెంటనే బయల్దేరి రండి. ఆలస్యమైతే నేనేం చెయ్యలేను." ఫోన్ పెట్టేశాక మా మరిది చాలాసేపు కొండవైపే చూస్తూ కూర్చున్నాడు. అక్కడి గుర్రాలనన్నిటినీ ఒకసారి చూసి దాచుకుంటున్నట్టు అనిపించింది.

అయితే మనిషి ఊరికే ఉంటాడా? ఉపాయం తట్టింది.

"బూబూష్, గొర్రెకి వేసినట్టే వేద్దాం. నా తల నీ మోకాళ్ల మధ్య ఇరికించి దవడ పట్టుకో."

"నువ్వు కదిలితే?"

"గొర్రె కదిలితే ఏం చేస్తావు?"

"నెత్తి మీద ఒక్కటిస్తాను."

"అది మానేసి మిగతాదంతా చెయ్యి."

బూబూష్ పాపం మనస్ఫూర్తిగానే ఇరికించింది. ఈయన గొర్రెలాగే గింజుకున్నాడు. "పడిందా?" అని ఆవిడ, "ఇంకా కిందికి!" అని ఈయన. ఇద్దరికీ ఏమీ కనబడటం లేదు. సీసా మూతి కంటిమీదికి దిగిపోతోంది. గుమ్మం దగ్గర టీ పోస్తున్న జిబెక్ గిన్నె వదిలేసి ఒక్క ఉరుకున వచ్చి అత్తగారి చెయ్యి పట్టేసుకుంది.

"ఆగండి అత్తమ్మా! పొడిచేస్తున్నారు!"

ఆ పిల్లకి అంత గొంతుందని మాకెవరికీ తెలియదు. మా మరిది కన్ను గట్టిగా మూసుకున్నాడు. "అవతలికి పో అమ్మాయీ. తప్పు, తప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమయ్యా, ఈ కన్నూ పోతే నిన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లేదెవరనుకున్నావు? ఈ పిల్లే! అప్పుడు తప్పు కాదా?"

జిబెక్ తల వంచుకునే మెల్లగా అంది. "మావయ్యా, మీకు దగ్గరివి కనబడవు కదా. గుమ్మం దగ్గర కూర్చుంటేనే నేను మీకు శుభ్రంగా కనబడతాను. దగ్గరికొస్తే అసలు కనబడను. ఇందులో తప్పేముంది?"

"మరి నువ్వు నన్ను చూస్తావుగా?"

"మొహం చూడను. కన్నొక్కటే చూస్తాను."

ఏడేళ్లుగా నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల! మా మరిది మూసుకున్న కన్ను తెరిచాడు.

"అయితే బాగా దగ్గరికి రా. కొంచెం దూరమైనా కనబడతావు," అన్నాడు చివరికి.

జిబెక్ చేతులు కడుక్కొచ్చి, ముందు ఆ టోపీ తీసి పక్కన పెట్టింది. చుక్క పడాల్సిన చోట పడింది.

మర్నాటి నుంచి మందుతో పాటు మాటలూ మొదలయ్యాయి. ఊరుకుంటే ఆయన రెప్పలు బిగిస్తున్నాడని, ఆ పిల్ల ఏదో ఒకటి చెబుతూ వేసేది. ఆరేసిన పరదాని ఆవు నమిలిన సంగతి, పాలు కొనడానికొచ్చినావిడ కొసరు కోసం పెట్టిన ఏడుపు. ఆయన పకపకా నవ్వేవాడు. "కదలకండి మావయ్యా!" అని కసురు కూడానూ. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. నెల దాటాక డాక్టరమ్మ చూసి కన్ను భద్రంగా ఉందని చెప్పి, మందు ఆపేసి కళ్లద్దాలిచ్చింది.

ఇంటికొచ్చి అవి తగిలించుకుని గోడ మీది క్యాలెండరు దగ్గర్నుంచి టీ పొట్లం దాకా అన్నీ పైకి చదివాడు. మేం వినాలి మరి! టీ వేళయింది. జిబెక్ ఆ కళ్లద్దాలు చూసింది. తలగుడ్డ ముందుకి లాక్కుని, మళ్లీ గుమ్మం పక్కన కూర్చుని, చెయ్యి చాచి గిన్నె అందించింది. మాట లేదు. మా మరిది టీ తాగలేదు. గిన్నెలోకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కళ్లద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"తీసేశానమ్మా," అన్నాడు. "దగ్గరికొచ్చి కూర్చో. ఇవాళేం జరిగిందో చెప్పు."