అక్క గడి

నిన్న మా పాప బడికి పోతే గ్రౌండ్‌ల సున్నంతోని గీతలు పోస్తాండ్రు. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయినయ్.

చిన్నప్పుడు మట్టెవాడ బడిల మా పీఈటీ మేడం పాత రూల్స్‌తోని నెట్‌బాల్ ఆడించేది. కోర్టుల మూడు గడులు గీసేది. బంతి పట్టుకొని ఉరకొద్దు, ఎవ్వరి గడి వాళ్లు దాటొద్దు. నేను నడిమి గడిల ఉండేదాన్ని, బుట్ట కాడి గడిల మా అక్క ఉండేది.

అక్కకు జరమొస్తే దవాఖానల చేర్పించిన్రు. తర్వాత ఇంట్ల అడిగితే, "పరకాల పెద్దమ్మ దగ్గరున్నది బిడ్డా" అన్నరు.

"అక్క వచ్చేదాంక ఆ గడి ఖాళీగనే ఉంటది, ఎవ్వరు పోవద్దు" అన్నది మేడం.

గడి ఖాళీగ ఉన్నదంటే అక్క వస్తదన్నట్టే అనుకున్న. రోజూ బంతి అందుల్నే విసిరేదాన్ని. అది పోయి గోడకు తగిలేది.

ఒకనాడు మేడం నా తల నిమిరి, ఇంకో పిల్లను అక్క గడిల నిలవెట్టింది.

"అది మా అక్కది, బయటికి రా!" అని మొత్తుకుంట బంతి విసిరిన.

ఆ పిల్ల పట్టుకున్నది.

బంతి గోడకు తగల్లేదు. ఇంట్ల ఎవ్వరు చెప్పని ముచ్చట నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పటికీ ఎవరన్న బంతి అందుకుంటే అందరు చప్పట్లు కొడ్తరు. నా చేతులు మాత్రం లేవవు.