ఊరికే బయలుదేరిన కారు

స్నేహితులు కొందరు బతుక్కి అర్థం వెతుక్కుంటూ కారులో దేశమంతా తిరిగే పాత నవల ఒకటి ఆ ఎండాకాలం తెలుగులో చదివాను. సగంలో ఉండగానే ఆగలేక ఇద్దరికి కథంతా చెప్పేశాను. ఒకడు నా చిన్ననాటి దోస్తు, గోదావరిఖనిలో కార్ల మెకానిక్కు. ఇంకొకరు మా పక్క క్వార్టరులో ఉండే కాక. బొగ్గుబాయి నుంచి కొత్తగా రిటైరై, షిఫ్టు లేని పొద్దును ఏం చేసుకోవాలో తెలియక చదివిన పేపరే మళ్లీ విప్పేవాడు.

"మనం గూడ పోదాం," అన్నాడు కాక.

"ఎటు కాకా?"

"ఎటో తెలిస్తే ఇగ ఎతుకుడేంది?"

ఆదివారం పొద్దున్నే దోస్తు పాత కారులో బయలుదేరాం. గోదావరి వంతెన మీద ముగ్గురం గంభీరంగా మారిపోయాం. నీళ్లకేసి చూస్తూ కాక అడిగాడు: "ఏమన్న అనిపిస్తుందా?"

"ఆకలైతుంది," అన్నాడు దోస్తు.

శ్రీరాంపూర్ దాటాక, రెండు కోళ్లు చంకన పెట్టుకున్న అవ్వ ఒకామె చెయ్యెత్తి కారు ఆపింది.

"ఎటు పోతున్నరు బిడ్డా?"

"ఎటు లేదవ్వా, ఊకనే."

ఆమె మా ముగ్గురినీ జాలిగా చూసింది. "పనిలేకుంటే నన్ను బెల్లంపల్లిల దింపుండ్రి. నా మనుమరాలి బిడ్డను ఇయ్యాల తొట్లెల ఏస్తున్నరు."

కోళ్లు దారంతా నా ఒళ్లో కూర్చున్నాయి. దింపి వచ్చేద్దామంటే ఆ ఇంటివాళ్లు తినకుండా కదలనివ్వలేదు. చూస్తే పంక్తిలో జనం నిండుగా ఉన్నారు, వడ్డించేవాళ్లు లేరు. కాక చొక్కా చేతులు మడిచి మాంసం కూర బకెట్టు అందుకున్నాడు. "నీకు బొక్కలే పడ్డయి, ఆగు, మెత్తటిది ఏస్త," అంటూ ఊరూ పేరూ తెలియని వాళ్లను కసురుకుంటూ తినిపించాడు. దోస్తు ఆగిపోయిన కూలరు ముందు కూర్చుని దాన్ని బాగుచేసి తిప్పాడు. రిటైరయ్యాక కాక పకపకా నవ్వడం నేను అక్కడే విన్నాను.

"పెద్దమనిషివి, నువ్వే ముందుగాల ఊపు," అంది అవ్వ, కాకను ఉయ్యాల దగ్గరికి పిలిచి. బొగ్గుతో మొరటుబారిన ఆ చేయి తొట్టెలను వేలికొసతో తాకిందంతే. కళ్లు తుడుచుకుని, పొగ అన్నాడు. పొయ్యి పెరట్లో ఉంది.

తిరుగుదారిలో అడిగాను: "దొరికిందా కాకా?" చొక్కా నిండా కూర మరకలతో వెనక సీట్లో గుర్రుపెడుతున్నాడు.

ఇప్పుడు మా కాలనీలో ఏ ఇంట విందైనా బకెట్టు కాకదే. మొన్న వాళ్లావిడ నన్ను ఆపి నిలదీసింది: "రిటైరైతే ఇంటిపట్టున ఉంటడనుకున్న. ఏడికి తోల్కపోయినవురా ఈయనను?"